చేతులెత్తిన అంపైరు

ఆ ఆడి కృత్తిక నాడు, అంటే తిరుత్తణి కొండమీది స్వామికి ఊళ్ళన్నీ కావళ్ళెత్తే పండగనాడు, ద్వారకనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే మ్యాచ్ మొదలుపెట్టాలి, మధ్యాహ్నంలోపల ముగించాలి, బామ్మర్ది ఇంద్రసేనకు ఉద్యోగం వచ్చేలా చూడాలి, ఇంటికొచ్చి పాయసంతో భోంచేసి కాళ్ళు చాపుకుని పడుకోవాలి. ఇందులో తన చేతిలో లేనిది పాయసం ఒక్కటేనని ఆయన అనుకున్నాడు. పాపం, మనిషన్నాక ఏదో ఒకటి అనుకోవాలి కదా!

"వానికి ఉద్యోగమొస్తే పాయసం. రాకుంటే గంజినీళ్ళు," అని ఇడ్లీల పళ్ళెం ముందు పెడుతూ భార్య దేవకి తేల్చి చెప్పింది. "అంపైరు మీరే గదా. సొంత బామ్మర్దికి ఆ మాత్రం చెయ్యలేరా?"

"అంపైరుకు బామ్మర్ది ఉండడు దేవకీ."

"ఎందుకుండడు? మీ పక్కనే కూచోని ఇడ్లీ తింటా ఉండాడు, చూడండి."

నిజంగానే ఇంద్రసేన పక్కన కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు. తన గురించే మాట్లాడుకుంటున్నారన్న సంగతి అతనికి తెలియదు. అతని తీరే అంత. తింటే తిండి, పరుగెత్తితే పరుగు. చేతిలో పని ఉన్నంతసేపూ పక్కన పిడుగు పడినా తల తిప్పడు. డిగ్రీ పాసై చాలాకాలమైంది. ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగినదానికి జవాబు చెబుతూ చెబుతూ, వాళ్ళు ఇక చాలన్నా వినిపించుకోక, బయటికి పంపించబడ్డాడు.

తలుపు చాటునుంచి అత్తగారు మునెమ్మ గొంతు వినిపించింది. ఆమె అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్ళినాటినుంచీ అదే మర్యాద. ఏం చెప్పాలన్నా కూతురికి చెబుతుంది, అల్లుడు విని తీరాలి.

"దేవకీ, మీ ఇంటాయనకు చెప్పు. నేను సామికి మొక్కుకోనుండాను. నా కొడుక్కి ఈ ఉద్యోగమొస్తే వచ్చే ఆడి కృత్తికకు గుండు కొట్టించి, వాని భుజాన కావడి ఎత్తిస్తానని."

"విన్నారా?" అంది దేవకి.

"విన్నాను," అన్నాడు ద్వారకనాథ్.

"అక్కా, చట్నీ," అన్నాడు ఇంద్రసేన.

ఇంతకీ ఆ ఉద్యోగం సంగతి చెప్పాలి. అది ఎనభై నాలుగో సంవత్సరం. గుమ్మిడిపూండిలో ఇనుము కరగబోసే ఒక ఫ్యాక్టరీకి జపాన్ కంపెనీతో పొత్తు కుదిరింది. జపాన్ వాళ్ళకు బేస్‌బాల్ అంటే ప్రాణమట. వాళ్ళు వచ్చేసరికి ఫ్యాక్టరీలో ఒక టీము ఉండాలని మేనేజరు గోపాలన్‌కు పైనుంచి హుకుం వచ్చింది. ఆ ఆట పేరు కూడా అప్పటిదాకా వినని గోపాలన్, ఊరూరా విచారించి, ద్వారకనాథ్‌ను పట్టుకున్నాడు. తిరుత్తణి హైస్కూల్లో డ్రిల్ మాస్టరైన ద్వారకనాథ్ మద్రాసులో శిక్షణ శిబిరానికి వెళ్ళి, ఒక సర్టిఫికెట్టూ రెండు బ్యాట్లూ ఒక బంతీ పట్టుకొచ్చిన మనిషి. ఆ చుట్టుపక్కల ఆ ఆట తెలిసిన అంపైరు ఆయన ఒక్కడే.

"ఒక మ్యాచ్ పెట్టండి సార్. బాగా ఆడినవాణ్ణి ఒకణ్ణి తీసుకుంటా, మంచి జీతమిస్తా," అన్నాడు గోపాలన్. "కానీ నాకు ఆడి కృత్తిక నాడు తప్ప ఇంకెప్పుడూ తీరికుండదు." ఆ నాడే ఎందుకు తీరిక అని ద్వారకనాథ్ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తిరువళ్ళూరు జట్టుకూ తిరుత్తణి జట్టుకూ మధ్యలో ఉంటుందని కనకమ్మ సత్రం అనే ఊళ్ళో రోడ్డు పక్క మైదానాన్ని ఎంచుకున్నారు. పక్కనే కావడి భక్తుల కోసం వేసిన మజ్జిగ పందిరి. దేవకి, మునెమ్మ పందిరి నీడలో చోటు పట్టారు. గోపాలన్ కారులో వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నుదుట మూడు విభూతి పట్టెలు, కళ్ళలో ఎప్పుడూ ఉండే చిరాకు.

"ఈ ఆట ఏందో కొంచెం చెప్పండి సార్," అన్నాడు.

"మన బిళ్ళంగోడు, కిట్టిపుల్లాట మాదిరే సార్, కొట్టి పరుగెత్తేదే. ఈ మూల నిలబడి కొట్టల్ల, ఆ నాలుగు మూలలూ చుట్టుకోని మళ్ళా ఇక్కడికి వస్తే ఒక పరుగు. ఆ రెండు సున్నపు గీతలుండాయే, వాటి మధ్య పడితే మంచి బంతి. బయట పడితే ఫౌల్. ఫౌల్ అయితే నేను రెండు చేతులూ ఇట్లా పైకెత్తుతాను. అంతే, బంతి చచ్చిపోయినట్టు. ఎక్కడోళ్ళక్కడ ఆగిపోవల్ల."

"ఎవురు చచ్చిపోయినట్టు?"

"బంతి సార్."

"సరి సరి," అన్నాడు గోపాలన్ అనుమానంగా.

ఇంతలో తిరువళ్ళూరు కెప్టెన్ వరదన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పట్టాభిరామ్‌లో ఒక వర్క్‌షాపులో పని చేసే కుర్రాడు, నోరు జాస్తి. "సార్, బావ అంపైరు, బామ్మర్ది బ్యాటు. మేమంతా ఊరికే ఎండలో ఎండేదానికి వచ్చినామా?"

ద్వారకనాథ్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. మజ్జిగ పందిరి దాకా వినపడేట్టు అరిచాడు: "ఇదో చూడు వరదా! ఈ గీతల్లో నాకు బావ లేడు, బామ్మర్ది లేడు. నేనొకసారి చెయ్యెత్తితే ఎత్తిందే. దేవుడే దిగొచ్చి చెప్పినా దించను!"

జనం చప్పట్లు కొట్టారు. దేవకి కొట్టలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. మాస్టారు మంచి మనిషే, నోరే ఆయన మాట వినదు.

ఆట బాగానే సాగింది. ఆఖరి వంతు వచ్చేసరికి రెండు జట్ల పరుగులూ సమానం. బ్యాటు పట్టుకుని ఇంద్రసేన వచ్చాడు. బంతి విసరడానికి వరదన్. ఇంద్రసేన ఒక్క పరుగు చేస్తే తిరుత్తణి గెలుస్తుంది, ఉద్యోగం ఇంటికొస్తుంది, పాయసం పళ్ళెంలోకి వస్తుంది. పందిరి కింద మునెమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.

వరదన్ విసిరాడు. ఇంద్రసేన కొట్టాడు. అబ్బ, ఏం దెబ్బ! బంతి మనుషుల తలలమీదుగా పోయి, సున్నపు గీతకు బాగా లోపల, రోడ్డువైపు పడింది. సందేహానికి తావు లేని మంచి బంతి. అక్కడ కాపలా ఉన్న సుందరం దానికోసం పరుగు తీశాడు. ఇంద్రసేన తల వంచుకుని మొదటి మూలకు దౌడు తీశాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపులో పంబ మోగింది. పసుపు బట్టలు, పూల కావళ్ళు, వేపాకు మండలు. తిరువళ్ళూరునుంచి నడిచొస్తున్న పెద్ద కావడి గుంపు. "వేల్ వేల్!" అని ఒక గొంతు లేచింది. "అరోహరా!" అని నూరు గొంతులు అందుకున్నాయి.

తిరుత్తణి చుట్టుపట్ల పుట్టినవాడికి తర్వాత ఏం చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఒళ్ళో ఉన్నప్పుడే తల్లి చేతులు పట్టుకుని ఎత్తించి ఉంటుంది. కావడి కనబడితే క్షవరం అంగట్లో సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా నురగ మొహంతోనే లేచి నిలబడి దండం పెడతాడు. ద్వారకనాథ్ చేతులు కూడా ఆయన్ను అడగలేదు. రెండూ నిటారుగా నెత్తిమీదికి లేచాయి. "అరోహరా!" అన్నాడు నిండు భక్తితో.

సుందరం చేతులెత్తాడు. వరదన్ చేతులెత్తాడు. మైదానంలో ఉన్న ప్రతివాడూ ఎత్తాడు. బంతి సుందరం కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ రోడ్డెక్కింది. పంబ చప్పుడు కొంచెం తగ్గి చేతులు దిగేసరికి, ఇంద్రసేన నాలుగు మూలలూ చుట్టేసి వచ్చి బావ ముందు గంతులేస్తున్నాడు.

"బావా! గెల్చినాం!"

"ఏం గెల్చినారు?" అని వరదన్ పరుగెత్తుకొచ్చాడు. "సార్ ఫౌల్ ఇచ్చినారు గదా!"

"నేనా? నేనెప్పుడిచ్చినానురా?"

"రెండు చేతులూ ఎత్తినారా లేదా?"

ద్వారకనాథ్ తన చేతులు చూసుకున్నాడు. అవి ఇంకా భుజాల ఎత్తులోనే ఉన్నాయి. దొంగసొత్తును దాచినట్టు గబుక్కున వెనక్కు పెట్టుకున్నాడు.

"అది... అది సామికి ఎత్తినాను వరదా."

"ఎవురికెత్తితే ఏం సార్? ఎత్తినారు. బంతి చచ్చింది. ఒకసారి ఎత్తితే దేవుడొచ్చి చెప్పినా దించనని మీరే అంటిరి. దేవుడు రానే వచ్చినాడు, అదో పోతాండాడు!"

జనం గొల్లుమన్నారు. గోపాలన్ గడియారం చూసుకుంటూ, "ఎన్న సార్? కొట్టినాడా, లేదా? నేను పోవల్ల," అన్నాడు.

"అయితే ఒకటి చేస్తాం," అన్నాడు ద్వారకనాథ్ చెమట తుడుచుకుంటూ. "ఆ బంతి లెక్కలోకి రాదు. మళ్ళా విసురు, మళ్ళా కొడతాడు. సుందరం, బంతి తే."

సుందరం కదలలేదు. "బంతి కావడిలో పోయింది సార్," అన్నాడు.

"ఏందీ?"

"ఒక అవ్వ తీసుకోని మూటగట్టుకునింది సార్. నేనడిగితే విభూతి పెట్టి పంపించింది."

ఉన్నది ఆ ఒక్క బంతే. ద్వారకనాథ్ పరుగు తీశాడు. అదృష్టమో దురదృష్టమో, కావడి గుంపు మజ్జిగ కోసం పందిరి దగ్గరే ఆగింది. ఆ అవ్వ ఎవరో కాదు, వరదన్ నాయనమ్మ వరదమ్మ. బంతిని పసుపు గుడ్డలో చుట్టి కావడి కొమ్ముకు అప్పటికే బిగించేసింది.

"అవ్వా, అది బంతి. ఇచ్చెయ్యి."

"ఇచ్చేదా? నేనుగా పోయి తెచ్చుకోలేదు నాయనా. తెల్లగా, చుట్టూ కుంకం గీతలు పెట్టుకోని, నా కాళ్ళకాడికి దొర్లుకోని వచ్చింది. సామి పంపిచ్చినాడు."

"కుంకం కాదవ్వా, దారం కుట్టు!"

"కావడికి కట్టింది కొండమీదే దిగల్ల. నడిమధ్యలో విప్పితే నీ కన్ను పోతాదో, నాది పోతాదో!"

ద్వారకనాథ్‌కు రెండు కళ్ళూ కావలసినవే. అక్కడే నిలబడి, చుట్టూ మూగిన జనానికి చేతులు జోడించి, నిజం ఒప్పేసుకుందామనుకున్నాడు. "అయ్యా, తప్పు నాది. నేను చేతులెత్తింది తప్పు!"

మజ్జిగ తాగుతున్న గుంపంతా ఒక్కసారి తిరిగింది. "ఏందయ్యా? సామికి చేతులెత్తింది తప్పంటావా?"

"అయ్యయ్యో, సామికెత్తింది కరెక్టే! ఆట మధ్యలో ఎత్తింది తప్పు."

"సామి వచ్చినప్పుడు ఎత్తకుండా, పోయినాక ఎత్తుతావా? బడి వాద్యారు మాటలేనా ఇవి?"

చెంబులు కిందపెట్టి నలుగురు ముందుకొచ్చారు. ద్వారకనాథ్ వెనక్కు జరిగి జరిగి మైదానం మధ్యకు చేరాడు. మజ్జిగ పందిరి మొత్తం ఆయన వెంటే వచ్చేసింది. ముందు వరదన్ జట్టు, వెనక కావడి గుంపు, పక్కన దేవకి. దేవకి కొంగు నడుముకు బిగించింది. అదే ఎక్కువ భయంగా ఉంది.

అప్పుడాయనకు మద్రాసు శిబిరంలో గురువు చెప్పిన మాట గుర్తొచ్చింది. "అంపైరు పొరపాటున ఫౌల్ అన్నాడనుకోండి. ఆ మాట నమ్మి ఎవడైనా ఆగిపోయి ఉంటే, తప్పైనా సరే ఆ మాట మీదే నిలబడాలి. నిన్ను నమ్మి ఆగినవాణ్ణి నువ్వే ముంచకూడదు. నీ మాటవల్ల ఎవరూ ఆగకపోతే మాత్రం దిద్దుకో, సిగ్గుపడకు." ఆనాడు సగం నిద్రలో విన్న మాట ఈనాడు ప్రాణం నిలబెట్టేట్టు ఉంది.

"అందరూ గమ్మునుండండి!" అని ఈల ఊదాడు. "ఒకే ఒక ప్రశ్న అడుగుతాను. సుందరం, ఇట్లా రా. నువ్వు బంతిని వదిలేసి ఆగిపోయినావే, నన్ను చూసి ఆగినావా, సామిని చూసి ఆగినావా?"

సుందరం నోరు తెరిచాడు. వరదన్ కళ్ళతో ఏదో సైగ చేస్తున్నాడు. కానీ సుందరం ఎదురుగా ఆడి కృత్తిక నాటి కావడి గుంపు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. సుందరం నుదుట వరదమ్మ పెట్టిన విభూతి ఇంకా చెదరలేదు.

"సామికే సార్," అన్నాడు.

తర్వాతివాడూ సామికే అన్నాడు. ఆ తర్వాతివాడు అడగకముందే అన్నాడు. చివరికి వరదన్ మిగిలాడు. అంపైరును చూసి ఆగానంటే ఫౌల్ నిలబడుతుంది, మళ్ళీ విసరడానికి బంతి లేదు గనక ఆట సమానంగా ముగుస్తుంది, ఉద్యోగం ఎవరికీ కాకుండా పోతుంది. నోరు తెరిచి అలా చెప్పడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. ఈలోగా వరదమ్మ ముందుకొచ్చింది.

"చెప్పరా వరదా. నువ్వు పుట్టల్లని పొర్లుదండాలు పెట్టినదాన్ని నేను. ఆ రెండు చేతులూ ఎవురికి ఎత్తినావు? కొండమీది సామికా, ఈ డ్రిల్లు వాద్యారుకా?"

వరదన్ ఆకాశం చూశాడు, నేల చూశాడు, నాయనమ్మను చూశాడు. "సామికే అవ్వా," అన్నాడు, దాదాపు ఏడుస్తూ.

"అయితే నావల్ల ఎవురూ ఆగలేదు!" అని ద్వారకనాథ్ గొంతు చించుకున్నాడు. "ఫౌల్ లేదు. పరుగు ఉంది. తిరుత్తణి గెల్చింది!"

మైదానం హోరెత్తింది. దేవకి మొహం విప్పారింది. ద్వారకనాథ్ ముక్కుకు పాయసంలో వేగిన జీడిపప్పు వాసన కూడా తగిలింది.

"ఒక్క నిమిషం," అన్నాడు గోపాలన్, కుర్చీలోంచి లేస్తూ. విభూతి పట్టెలు ముడుచుకున్నాయి. "సామిని చూసి అందరూ ఆగినారు. సరి. మరి ఈ మనిషి ఎందుకు ఆగలేదు?"

అందరి కళ్ళూ ఇంద్రసేన మీదికి తిరిగాయి. నిజమే! అంత మందిలో చేతులెత్తనివాడు ఇతనొక్కడే. ఆ సంగతి ఊరందరి ముందూ, సాక్షులతో సహా, పిలిచి పిలిచి రుజువు చేసినవాడు స్వయానా బావ.

"నీ చేతులు యాడ పెట్టుకోనుంటివిరా?" అని వరదమ్మ నిలదీసింది.

ఇంద్రసేన అయోమయంగా చుట్టూ చూశాడు. "కావడి వచ్చిందా?" అన్నాడు. "ఎప్పుడు?"

మునెమ్మ కూలబడిపోయింది. కావడి గుంపులో ఎవరో చెంపలు వేసుకున్నారు. ఇంద్రసేన అబద్ధం చెప్పడం లేదని అందరికీ తెలిసిపోయింది, అదే ఇంకా ఘోరంగా ఉంది. గోపాలన్ అతని దగ్గరికి నడిచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, కిందినుంచి పైదాకా చూశాడు.

"పంబ వినపడలేదా?"

"లేదు సార్. పరుగెత్తతా ఉంటిని."

"అరోహరా అని ఇంతమంది అరిస్తే?"

"పరుగెత్తతా ఉంటిని సార్."

"సోమవారం వచ్చి ఉద్యోగంలో చేరు," అన్నాడు గోపాలన్.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గోపాలన్ గొంతులో చాలా ఏళ్ళ చిరాకు ఒక్కసారిగా బయటికొచ్చింది. "నాకు ఈ దినమే తీరిక ఎందుకో తెలుసునా మీకు? ఫ్యాక్టరీలో ఒక్క మనిషి లేడు! వాచ్‌మన్ కూడా గుండు కొట్టించుకోని కొండెక్కినాడు. ప్రతి ఆడి కృత్తికకూ కొలిమి ఆరిపోతాది, ఇనుము గడ్డకడతాది, దాన్ని పగలగొట్టి మళ్ళా అంటించేలోపల నా ప్రాణం పోతాది. నాకూ భక్తి ఉందయ్యా! కొలిమికి లేదే! కావడి పక్కన పోతాండినా చేతిలో పని వదలని మనిషి ఈ జిల్లాలో ఒకడైనా ఉంటాడా అని వెతుకుతాండా. ఇదో, దొరికినాడు. ఒకే కండిషను. రిటైరయ్యేదాకా ఆడి కృత్తికకు లీవు అడగకూడదు."

"సరే సార్," అన్నాడు ఇంద్రసేన వెంటనే.

దేవకి కళ్ళు తుడుచుకుంది. ద్వారకనాథ్ గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. ఉద్యోగం వచ్చింది, న్యాయం నిలబడింది, పాయసం ఖాయం. సరిగ్గా అప్పుడే ఎవరో కొంగు దులుపుకుంటూ లేచి వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. మునెమ్మ! దేవకి వైపు తిరగకుండా, తలుపూ గోడా ఏదీ అడ్డం లేకుండా, అల్లుడి మొహంలోకి సూటిగా చూస్తోంది. ద్వారకనాథ్‌కు ఆ రోజు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"అబ్బయ్యా," అంది. పెళ్ళయ్యాక ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట. "వచ్చే ఆడి కృత్తికకు కావడి ఎత్తిస్తానని సామికి మొక్కుకోనుండాను. వానికి లీవు లేదంటాండారే!"

"అవునత్తా... మరి ఇంకో దినం ఎప్పుడైనా..."

"మొక్కుకు వాయిదా ఉంటాదా? ఒక తలకు ఇంకో తల ఇస్తే సామి కాదనడు. అడగకుండా చేతులెత్తినోడివి నువ్వు. కావడీ నువ్వే ఎత్తు."

ద్వారకనాథ్ సహాయం కోసం దేవకి వైపు చూశాడు. దేవకి ఆయన జుట్టు వైపు చూస్తోంది. ఒత్తైన, మధ్యపాపిడి తీసిన, ఆయన ఎంతో ముద్దుగా పెంచుకున్న జుట్టు.

"ఏడాది టైముంది లెండి," అంది దేవకి ఓదార్పుగా.

మరుసటి ఏడు ఆడి కృత్తికకు కనకమ్మ సత్రం మైదానంలో మళ్ళీ మ్యాచ్ జరిగింది. ఈసారి అంపైరు వరదన్. గుమ్మిడిపూండిలో ఇంద్రసేన ఒక్కడే కొలిమి ముందు నిలబడి ఉన్నాడు. నున్నటి గుండుమీద ఎండ మాడ్చేస్తుంటే, పసుపు పంచె కట్టుకుని, భుజాన పూల కావడితో ద్వారకనాథ్ రోడ్డు మలుపు తిరిగాడు. పంబ మోగింది, అరోహరా అని దిక్కులు అదిరాయి, మైదానంలో ఆటగాళ్ళూ అంపైరూ అందరూ చేతులెత్తేశారు.

ఎత్తనివాడు ద్వారకనాథ్ ఒక్కడే. ఆయన రెండు చేతులూ కావడి పట్టుకుని ఉన్నాయి.